మన జిల్లాల చరిత్రకు అద్దె వేషం ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరు, ఒంగోలు కేబుల్ చానళ్లలోనూ వాటి యూట్యూబ్ పేజీల్లోనూ స్థానిక చరిత్ర మీద కార్యక్రమాలు ఈమధ్య బాగా పెరిగాయి. ఉదయగిరి కోట, మోటుపల్లి రేవు, అద్దంకి శాసనం, భైరవకోన గుహలు అంటూ ఓపిగ్గా ఒక్కో భాగం చేస్తున్నారు. పరిశోధకులను పిలిచి మాట్లాడిస్తున్నారు, మాట నిండుగా ఉంటోంది. తెర మీద కనబడేదానికే ఆ మాటతో పొంతన కుదరడం లేదు. మోంటేజ్, అంటే కార్యక్రమం పేరు వచ్చే తొలి దృశ్యమాల, మొదలుకాగానే అంచులు కాలిన గోధుమరంగు కాగితం విచ్చుకుంటుంది. దాని మీదికి బంగారు పూత త్రీడీ అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి నిలబడతాయి. వెనక హంపీ రాతిరథం, పక్కన ఏ రాజస్థాన్ కోటదో బురుజు. ఏ ఊరి చరిత్రకైనా ఇదే. టెంప్లేట్ సైట్లలో దొరికే అద్దె వేషం ఇది.

టీవీ గ్రాఫిక్స్ పని తెలిసినవాళ్లుగా మేము చెప్పదలచింది ఒకటుంది. చరిత్ర కార్యక్రమంలో గ్రాఫిక్స్ కూడా సాక్ష్యం చెబుతాయి. ఇంట్లో అన్నం తింటూ టీవీ చూసేవాళ్లకు పరిశోధకుడు చెప్పిన తేదీ మరిచిపోయినా, చూసిన బొమ్మ గుర్తుండిపోతుంది. అందుకే కార్యక్రమం రూపురేఖలు ఆ నేల మీద దొరికిన ఆధారాల నుంచే పుట్టాలి. ఏది అసలు ఆధారమో, ఏది మనం ఊహించి గీసిందో తెర మీదే తెలిసిపోవాలి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ముందుగా కొన్ని నిర్ణయాలు తీసుకుంటే చాలు.

మొదట ఆ కాలిన కాగితాన్ని తీసేయాలి. అది యూరప్ తోలుపత్రాల పోలిక. మన రాజుల మాట రాతి మీదా రాగిరేకుల మీదా ఉండేది, కావ్యం తాటాకు మీద ఉండేది. మనుమసిద్ధి కాలం నెల్లూరు గురించి చెబుతూ, తిక్కన పద్యాన్ని కాలిన కాగితం మీద చూపితే నోరు ఒకటి చెబుతుంటే కన్ను ఇంకొకటి చూస్తున్నట్టే.

దాని బదులు ఏం పెట్టాలి? శాసనాల మీద పనిచేసేవాళ్ల దగ్గర దీనికి సిద్ధంగా జవాబుంది. వాళ్లు రాతిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, తడిపిన కాగితం పరుస్తారు. గట్టి కుచ్చులున్న బ్రష్షుతో కొట్టి కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దింపుతారు. కాస్త తడి ఆరాక, గుడ్డలో చుట్టిన దూదిమెత్తతో నల్లసిరా అద్దుతారు. సిరా రాతి పైమట్టానికి ఆనుకున్న చోటే అంటుతుంది, గుంటలోకి దిగిన అక్షరం తెల్లగా మిగిలిపోతుంది. ఎస్టాంపేజ్ అంటారు దీన్ని. నల్లటి నేల, తెల్లటి అక్షరం, అంచుల్లో సిరా సరిగా అంటని మచ్చలు. మన జిల్లాల చరిత్రలో చాలాభాగం పండితుల చేతికి ఈ రూపంలోనే అందింది. కార్యక్రమం మొత్తానికి ఇదే మూలరూపంగా పెట్టుకుంటే మోంటేజ్, బంపర్ (విరామాల దగ్గర వచ్చే చిన్న ముక్క), ఆస్టన్ (మాట్లాడేవారి పేరు, హోదా వేసే పట్టీ), ప్లేట్లు (తెర నిండా వచ్చే వివరణ బొమ్మలు) అన్నీ ఒక కుటుంబంలా కుదురుతాయి. దూరం నుంచి చదవడానికీ ఇంతకన్నా తేలికైన జోడీ లేదు.

ఒక హెచ్చరిక. రక్షిత కట్టడాల్లో ఉన్న రాతి మీద అనుమతి లేకుండా ఎవరూ అచ్చు తీయకూడదు. షూటింగు కోసం అక్షరాల్లో సుద్ద నింపడం, నూనె రాయడం అసలే కూడదు. నూనె రాతి రంధ్రాల్లోకి ఇంకి మళ్లీ వదలదు. ఏటవాలు వెలుగుతో ఫొటో తీస్తే సరిపోతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ రాతి మీద పది పదిహేను డిగ్రీల వాలున పడే వేళ చూసుకోవాలి. గుడి లోపలైతే ఎల్‌ఈడీ లైటును పక్కనుంచి అంతే వాలున పెట్టాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గుంటల నీడ పోయి రాయి బోసిగా కనబడుతుంది. కెమెరా రాతికి నిటారుగా ఉండాలి. పక్కన పది సెంటీమీటర్ల కొలబద్ద పెట్టి ఒక ఫొటో, కొలబద్ద తీసేసి ఒక ఫొటో. వెలుగు కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి మార్చి తీసుకోవాలి. ఒక వాలులో దాగిన గీత ఇంకో వాలులో బయటపడుతుంది. హెచ్‌డీ ఫ్రేములో రెండింతల దాకా జూమ్ చేయాలనుకుంటే ఫొటో వెడల్పు కనీసం 3,840 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇదంతా పోతుంది. డాక్యుమెంటుగా పంపించమనాలి.

ఆ ఫొటోను ఎస్టాంపేజ్ రూపంలోకి తేవడం అరగంట పని. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపులోకి మార్చి, అదే లేయర్‌ను కాపీ చేసి 60 నుంచి 80 పిక్సెళ్ల బ్లర్ వేసి, డివైడ్ బ్లెండ్‌లో పెడితే రాతి మీద ఒకవైపు వెలుగు ఒకవైపు చీకటి ఉన్న తేడా పోయి గుంటల నీడలు మాత్రం మిగులుతాయి. తర్వాత ఇన్వర్ట్ చేసి లెవెల్స్ సరిచూసుకోవాలి. ఈ దశలోనే చాలామంది పొరపాటు చేస్తారు. రాయి పగిలిపోయి ఊడిన అక్షరాన్ని అందంగా ఉండటం కోసం నింపేస్తారు. అలా నింపకూడదు. పరిశోధకుడు ఇక్కడ ఫలానా అక్షరం ఉండి ఉండాలని చెబితే, దాన్ని వేరే రంగులో, చుక్కల గీతతో వేయాలి. పగులు పగులుగానే కనబడాలి.

అక్షరాల దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి. అద్దంకిలోని సేనాని పండరంగని శాసనం వేంగీ చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని కాలానిది, 848-49 ప్రాంతానిది. తరువోజ పద్యం ఉన్న తొలి శాసనాల్లో ఒకటి. పన్నెండు బోయ కొట్టాలను గెలవడం గురించీ కందుకూరు గురించీ అందులో ఉంది. ఆ లిపి ఇవాళ్టి తెలుగు లిపి కాదు, తెలుగు కన్నడాలకు ఉమ్మడి లిపి. తలకట్టు ఇప్పటిలా టిక్కు మార్కుగా లేచి ఉండదు, అక్షరం నెత్తిన అడ్డంగా ఆనుకుని ఉంటుంది. అలాంటి శాసనం గురించి చెబుతూ, కంప్యూటర్ ఫాంటులో టైపు చేసిన ఇవాళ్టి అక్షరాలకు రాతి టెక్స్చర్ అద్ది శాసనంలా చూపించడం ప్రేక్షకుణ్ణి మోసం చేయడమే. అసలు ఫొటో ఒక సగంలో, చదువుకోవడానికి నేటి లిపిలో పాఠం ఇంకో సగంలో పెట్టాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకూడదు.

చదివించే పాఠానికి ఫాంటు ఎంచుకునేటప్పుడు పేరు చూసి మురిసిపోవద్దు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన వాటిలో మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉన్నాయి. నోటో సెరిఫ్ తెలుగు, అనేక్ తెలుగు కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఏది తీసుకున్నా ముందు ఒక పరీక్ష పెట్టాలి: రాష్ట్రకూటులు, కృష్ణదేవరాయలు, లక్ష్మణ, యజ్ఞశ్రీ, స్త్రీ, ఱ, అరసున్న. ఈ వరుస టైపు చేస్తే ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, డబ్బా గుర్తు రాకుండా వస్తే ఆ ఫాంటు చరిత్రకు పనికొస్తుంది. శాసన పాఠంలో ఱ, అరసున్న తప్పవు. మంచి శీర్షిక ఫాంట్లు కొన్ని ఇక్కడే ఓడిపోతాయి. రెండు ఫాంట్లకు మించవద్దు, శీర్షికకు ఒకటి, మిగతా అంతటికీ ఒకటి.

స్క్రిప్టు ‘అను’ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) టైపు చేసి వస్తే దాన్ని యూనికోడ్‌లోకి మార్చాల్సి ఉంటుంది. ఆ మార్పిడిలో క్ష్మ, జ్ఞ, ఱ తరచూ చెడతాయి. మార్చిన పాఠాన్ని గ్రాఫిక్స్ వాళ్లు కాకుండా స్క్రిప్టు రాసినవాళ్లే ఒకసారి చదవాలి. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్, టైప్ కిందికి వెళ్లి సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఎంచుకుని, ఆ తర్వాత కొత్త టెక్స్ట్ లేయర్ తెరవాలి. లేకపోతే ఒత్తు కిందికి దిగకుండా పక్కకు జరిగి, పొల్లు విడిగా నిలబడుతుంది. ‘శ్రీ’ రెండు ముక్కలై కనబడేది అందుకే. ఇంగ్లిష్ టెంప్లేట్లలో ఉండే ఒక్కో అక్షరం ఎగిరొచ్చే యానిమేషన్ తెలుగుకు కుదరదు. దానికి అక్షరం ఒకటి, ఒత్తు ఒకటి. రెండూ వేర్వేరుగా ఎగురుతాయి. రేంజ్ సెలెక్టర్‌లో వర్డ్స్ అని పెట్టి పదాలుగా కదిలించాలి, లేదా ఎడమ నుంచి కుడికి మాస్క్‌తో తెరవాలి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే ట్రాకింగ్ సున్నా దగ్గరే ఉంచాలి, పెంచితే ఒత్తులు తల్లి అక్షరాన్ని వదిలేస్తాయి. వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటే గానీ పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ గుద్దుకోకుండా ఉండవు. అక్షరానికి బయటి గీత వేయాలంటే గీతను ఫిల్ (అక్షరం లోపలి రంగు) కిందికి పంపాలి. పైన ఉంటే అక్షరమూ ఒత్తూ కలిసే చోట లోపలి గీతలు బయటపడి అసహ్యంగా ఉంటుంది.

తేదీలు. శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తు శకం. కానీ శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి అది రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీద పడుతుంది. నెల తెలియనప్పుడు ‘1244’ అని ఒక్కటే వేయకుండా ‘శక 1166, క్రీ.శ. 1244-45’ అని రెండూ వేయాలి. తెలుగు అంకెలు అలంకారంగా వెనక పెట్టుకోవచ్చు, చదవాల్సిన చోట మాత్రం మామూలు అంకెలే ఉండాలి.

లోగోకు శాసన స్తంభాల నెత్తిన చూడండి. సూర్యుడు, నెలవంక చెక్కి ఉంటాయి. ఈ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం, నిలవాలని చెప్పడానికి. ఒక వృత్తం, ఒక నెలవంక, కింద రెండు మూడు అడ్డగీతలు. ఇంతకన్నా సులువైన గుర్తు ఉండదు. తెర మూలన 60 పిక్సెళ్లలోనూ, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లోనూ నిలబడుతుంది. సూర్యుడూ నెలవంకా ఎప్పుడూ కలిసే ఉండాలి. రాజముద్ర పెట్టాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వేంగీ చాళుక్యుల రాగిరేకుల ముద్రలో వరాహం ఉంది, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలున్నాయి. కాకతీయులదీ వరాహమే, విజయనగరానిదీ వరాహమే. నిలువు కత్తి ముందున్న వరాహం విజయనగరానిది. దాన్ని తెచ్చి పండరంగని భాగంలో పెడితే దాదాపు ఐదువందల ఏళ్లు ముందుకు జరిపినట్టవుతుంది.

రంగుల విషయానికొస్తే, సిరా నలుపు, కాగితం తెలుపు, రాగి, రాగి మీద పట్టిన చిలుము పచ్చ, ఈ నాలుగూ చాలు. తెలుపును నిండు తెలుపైన 255 దాకా తీసుకెళ్లకుండా 225 దగ్గర ఆపితే రాత్రిపూట కళ్లకు గుచ్చుకోదు. ఎర్రటి నేల మీద ఎర్రటి అక్షరాలు కేబుల్లో కరిగి పారతాయి, కుదింపులో రంగుల వివరం సగానికి పైగా పోతుంది కాబట్టి. మన రాష్ట్రంలో ఇంకో ఇబ్బంది ఉంది. పసుపు పట్టీ వేసినా, నీలం ఆకుపచ్చ కలిపినా చూసేవాళ్లు పార్టీ రంగులు వెతుకుతారు. రాగి రంగుకు ఆ బెడద లేదు.

వివరించే ప్లేట్లకు, అంటే వంశవృక్షాలు, కాలరేఖలు, లెక్కలకు, మార్కాపురం పలక మంచి నేల. మెరుపు లేని బూడిద నలుపు, దాని మీద సుద్ద గీత. ఇది ఇప్పుడు మేము గీసి చెబుతున్నది అని చూడగానే తెలిసిపోతుంది, పాత వస్తువుగా ఎవరూ పొరబడరు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, మన జిల్లాదే కదా అని. దాన్ని వద్దనే అంటాం. ఒకటి, పాత శాసనాలు ఆ మెరుగుపెట్టిన రాతి మీద లేవు. రెండు, అందులో మెరిసే చుక్కలు ఇంటర్‌లేస్డ్ (ఒక వరుస వదిలి ఒక వరుసగా బొమ్మ గీసే) తెర మీద మిణుకుమిణుకుమంటాయి. కెమెరా కదిలిందంటే ప్రతి చుక్కా కొత్తగా లెక్కగట్టాల్సొచ్చి, తక్కువ బిట్‌రేట్‌లో, అంటే సెకనుకు పంపే డేటా తక్కువైనప్పుడు, తెరంతా గళ్లు గళ్లుగా పగులుతుంది. కాగితం టెక్స్చర్లు, సినిమా గ్రెయిన్, ఎగిరే దుమ్ము ఎఫెక్టులకూ ఇదే గతి. ఎడిటింగ్ గదిలో మానిటర్ మీద అద్భుతంగా ఉన్నది ఇంటికెళ్లేసరికి పాచి పట్టినట్టు ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. తెర మీద వచ్చే ప్రతి చిత్రానికీ ఎడమ పైమూల ఒక చిన్న పట్టీ ఉండాలి. మూడే మాటలు: మూలం, పునర్నిర్మాణం, ఊహాచిత్రం. శాసనం, నాణెం, శిల్పం, పాత ఫొటో అయితే ‘మూలం’, దాని పక్కన అది ఎక్కడుందో ఒక్క మాట. పునాదులూ గోడలూ ఆధారంగా కోటను త్రీడీలో కట్టి చూపితే ‘పునర్నిర్మాణం’. ఆధారం లేకుండా గీసింది, ఏఐతో చేయించింది ‘ఊహాచిత్రం’. చిత్రం ఉన్నంతసేపూ పట్టీ ఉండాలి. మొదట్లో రెండు క్షణాలు కనబడి మాయమైతే మధ్యలో చానల్ తిప్పినవాళ్లకు అది అసలు బొమ్మే అయిపోతుంది. చివర పేర్ల మధ్యలో ‘కొన్ని చిత్రాలు కల్పితం’ అని వేయడం ఏ పనికీ రాదు.

పట్టీతో పాటు చూపే తీరు కూడా మారాలి. మూలం నిండు రంగుల్లో రావాలి, పునర్నిర్మాణం రెండు రంగుల్లో, ఊహాచిత్రం ఒక్క రంగు గీతల్లో. చదువురాని అవ్వ కూడా నాలుగు భాగాలు చూశాక తేడా పట్టేస్తుంది. ఫొటోలా కనబడే ఏఐ చిత్రాన్ని చరిత్ర కార్యక్రమంలోకి అసలు రానివ్వకూడదని మా గట్టి అభిప్రాయం. పట్టీ వేసినా సరే. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, పట్టీ కత్తిరించి పంచుతారు. నెల తిరక్కుండానే అది తిక్కన ఫొటో అయిపోతుంది. తిక్కనకు ఆ కాలపు రూపచిత్రం లేదు. లేనప్పుడు ముఖం చూపకుండా పద్యం చూపాలి, తాటాకు చూపాలి, పెన్న ఒడ్డు చూపాలి. కృష్ణదేవరాయలకైతే తిరుమల ఆలయంలో ఇద్దరు రాణులతో ఉన్న లోహ విగ్రహం ఉంది, నెత్తిన పొడుగాటి కుళ్లాయితో. అది ఉండగా సినిమా కిరీటం ఎందుకు?

ఉదయగిరి ముట్టడి 1513లో మొదలై 1514లో కోట లొంగింది. ఆ కథకు హంపీ రాతిరథం పెట్టడం తప్పు. అది విఠలాలయంలోనిది. ఉదయగిరి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణ విగ్రహం కోసం రాయలు హంపీలో 1515లో కృష్ణాలయం కట్టించాడు. హంపీని చూపాలనుకుంటే చూపాల్సింది ఆ గుడిని. అప్పుడు బొమ్మ కథలో భాగమవుతుంది. అలాగే 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలి, కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అవి క్రీస్తుశకం రెండో శతాబ్దపు చక్రవర్తులవి, ట్రాజన్, హేడ్రియన్ లాంటివాళ్లవి. ఇంటర్నెట్‌లో మొదట కనబడిన సీజర్ వెండి నాణెం తెచ్చి తిప్పకూడదు. దొరికిన నాణెం ఫొటో లేకపోతే అదే చక్రవర్తి బంగారు నాణెం వేసి, ‘ఇలాంటి నాణెం’ అని పట్టీలో రాయాలి.

మోటుపల్లి మీద చేసేవాళ్లంతా ఓడ బొమ్మ దగ్గర తడబడతారు. కాకతీయ గణపతిదేవుని అభయ శాసనం 1244-45 నాటిది. తెరచాపల మీద శిలువ గుర్తులున్న యూరప్ ఓడ అప్పటికి ఇటువైపు రాలేదు. శాతవాహన యజ్ఞశ్రీ నాణెం మీది రెండు తెరచాప స్తంభాల ఓడ మన తీరానిదే గానీ, వెయ్యేళ్ల ముందుది. ఓడ జోలికి పోకుండా సరుకు చూపడం మేలు. శాసనంలో గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు పేరుపేరునా ఉన్నాయి. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవాళ్లనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాజు అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. దీనికో ప్లేటు ఎలా చేయాలో చెబుతాం. పలక నేల మీద ఆరు నిలువు వరుసలు, ఐదు అడ్డ వరుసలుగా ముప్పై చదరాలు. ఒక్కోటి 120 పిక్సెళ్లు, మధ్యలో 20 ఖాళీ. మొత్తం 820 వెడల్పు, 680 ఎత్తు. ముందు అన్నీ సుద్ద గీతల్లో వస్తాయి. వ్యాఖ్యాత ‘ముప్పైకి ఒకటి’ అన్న మాటకు ఒక చదరం రాగి రంగుకు తిరుగుతుంది. మిగతా ఇరవైతొమ్మిదిలో సరుకుల చిన్న గీతబొమ్మలు నిండుతాయి. ఆ రేవుకు వర్తకులు ఎందుకు వచ్చారో పది క్షణాల్లో అర్థమవుతుంది.

మ్యాపుల్లో ఇప్పటి జిల్లా గీతలు కింద పెట్టి పదమూడో శతాబ్దం చెప్పడం మామూలైపోయింది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970 ఫిబ్రవరి 2న, నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో. ముందు ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం. 2022లో మోటుపల్లి బాపట్లలోకీ కందుకూరు నెల్లూరులోకీ వెళ్లాయి. ఈ గీతలు రేపు మళ్లీ మారవచ్చు, మ్యాపు పాతబడుతుంది. తీరం, పెన్న, గుండ్లకమ్మ, మన్నేరు, వెలికొండలు, ఇవే మూల మ్యాపుగా ఒక్కసారి గీసి పెట్టుకుంటే ఏ శతాబ్దానికైనా పనికొస్తుంది. పాకనాడు, కమ్మనాడు లాంటి పాత సీమలకు కచ్చితమైన సరిహద్దు గీత వేయకుండా అంచులు మసకబారే నీడ వేయాలి, ఆ హద్దులు మనకు అంత కచ్చితంగా తెలియవు కాబట్టి. చూసేవాళ్లకు దారి తెలియడానికి ఇప్పటి ఊళ్లు మూడో నాలుగో సన్న అక్షరాల్లో ఉంటే చాలు.

ఇక తెర కొలతలు. హెచ్‌డీ ఫ్రేము 1920 x 1080, సెకనుకు 25 ఫ్రేములు. నాలుగు పక్కలా ఐదు శాతం వదిలి, అంటే పక్కల 96, పైనా కిందా 54 పిక్సెళ్లు వదిలి అక్షరాలు పెట్టాలన్నది మామూలు లెక్క. మన ఊళ్లలో ఆ లెక్క చాలదు. పాత ఎస్‌డీ (తక్కువ స్పష్టత) సెట్‌టాప్ బాక్సులు ఇంకా ఉన్నాయి. కొన్ని పక్కలు కోసి మధ్య భాగమే చూపిస్తాయి, 1440 వెడల్పే మిగులుతుంది. అందుకని పేర్లు, తేదీలు ఎడమ అంచు నుంచి 312 పిక్సెళ్లు వదిలాకే మొదలవ్వాలి, కుడివైపూ అంతే. కింద చానల్ స్క్రోల్, దాని మీద ఒక్కోసారి కేబుల్ ఆపరేటర్ ప్రకటన స్క్రోల్. ఆస్టన్ దాని కిందికి పోయి పరిశోధకుడి పేరు సగమే కనబడటం రోజూ చూస్తున్నదే. ఇంట్లో బాక్సు నుంచి వచ్చే బొమ్మను ఫొటో తీసి, ఆ స్క్రోల్ ఎంత ఎత్తుందో కొలిచి, దానికి పైన ఆస్టన్ పెట్టాలి. కింది నుంచి 160 పిక్సెళ్లు వదిలితే చాలాచోట్ల గట్టెక్కుతుంది.

అక్షరం సైజు పేరుకు 54, హోదాకు 44 కన్నా తగ్గకూడదు. ఎస్‌డీలోకి దిగేసరికి ఎత్తు 53 శాతమే మిగులుతుంది. మూడు పిక్సెళ్ల గీత ఒకటిన్నర అవుతుంది, ‘ష్ట్ర’ ఒత్తు నల్లటి ముద్ద అవుతుంది. సన్నటి గీత కనీసం నాలుగు పిక్సెళ్లు ఉండే బరువైన ఫాంటు తీసుకోవాలి. ఒక పిక్సెల్ మందం అడ్డగీతలు ఎక్కడా వద్దు, ఇంటర్‌లేస్‌లో అదురుతాయి. ఒక ఫ్రేమును 720 x 576లోకి దింపి, 32 అంగుళాల టీవీలో ఎనిమిది అడుగుల దూరం నుంచి చదివించి చూడాలి. ప్లేటు మీది మాటలు పైకి రెండుసార్లు చదివేంతసేపు తెర మీద ఉండాలి.

మోంటేజ్ పదిహేను సెకన్లు దాటనక్కర్లేదు. యూట్యూబ్‌కు ఐదు సెకన్లది వేరే తీయాలి. చివర పేర్లు ఫ్రేముకు సరిగ్గా 4 పిక్సెళ్ల చొప్పున, సెకనుకు 100, జరిపితే వణుకు ఉండదు. 3.7 లాంటి సంఖ్య పడితే వణుకుతుంది. ఆస్టన్, బంపర్లను ఆల్ఫాతో (వెనకభాగాన్ని పారదర్శకంగా ఉంచే సమాచారంతో) ప్రోరెస్ 4444లో గానీ పీఎన్‌జీ వరుసగా గానీ రెండర్ చేయాలి. అక్షరాల చుట్టూ నల్ల అంచు వస్తోందంటే ఎడిటింగ్‌లో ఆల్ఫాను స్ట్రెయిట్, ప్రీమల్టిప్లైడ్‌లలో తప్పుగా చదువుతోందని అర్థం. ఆ సెట్టింగు మారిస్తే పోతుంది, అక్షరానికి నీడ వేసి కప్పిపుచ్చనక్కర్లేదు.

ఏ ఊళ్లో ఏ శాసనం ఉందో తెలుసుకోవడానికి 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం ఉంది. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలవి కూడా అందులో ఉన్నాయి. గ్రాఫిక్స్ చేసే కుర్రాళ్లకు టెంప్లేట్ల కన్నా ముందు దాన్ని చూపించాలి. స్క్రిప్టు పూర్తయి, షూటింగు అయిపోయి, ప్రసారానికి రెండు రోజుల ముందు వాళ్లను పిలిచి ‘ఏదో ఒకటి పాతగా ఉండేలా చేయండి’ అంటే వాళ్లు ఆ కాలిన కాగితమే తెస్తారు. తప్పు వాళ్లది కాదు. స్క్రిప్టు మొదటి చర్చకే గ్రాఫిక్స్ మనిషి కూర్చోవాలి. పరిశోధకుడు ప్రసారానికి ముందు మాటలు సరిచూసినట్టే ప్లేట్లన్నీ సరిచూసి సంతకం పెట్టాలి.

మీ పత్రికతో కూడా ఒక పని ఉంది. జిల్లా పేజీల్లో కొత్తగా బయటపడిన శాసనాలు, వీరగల్లులు (వీరుల స్మారక శిలలు), విగ్రహాల ఫొటోలు మీరు తరచూ వేస్తారు. వాటిని చానళ్లు అక్కడి నుంచే తీసుకుంటున్నాయి. ఫొటో కింద ఊరు, మండలం, రాయి ఎత్తు వెడల్పులు, ఫొటో తీసిన నెల, పాఠం చదివినవారి పేరు ఒక్క వరుసలో ఇవ్వండి. ఫొటోలో కొలబద్ద ఉంటే కత్తిరించకుండా వేయండి. విలేకరి పంపిన పూర్తి సైజు ఫొటోను మీ వెబ్ ఎడిషన్‌లో అలాగే ఉంచండి.

ఇట్లు,
టీవీ గ్రాఫిక్స్, ఎడిటింగ్ పనిలో ఉన్న కొందరం,
నెల్లూరు.